క్లచ్ లేని బండి

బోరబండ,
4 జనవరి 1998.

నాయినా,

నువ్వు పంపిన స్వెటర్ బుజ్జికి మోకాళ్ల దాకా వస్తోంది. పెద్దయ్యాక వేసుకుందువులే అంటే వినదు. ఎండలో కూడా విప్పనివ్వదు. దగ్గు తగ్గింది. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉందో ఈసారైనా రాయి. క్రితం రెండు ఉత్తరాల్లోనూ ఆ మాట దాటేశావు.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఆయనకు తెలియదు.

మాదాపూర్‌లో కడుతున్న ఆఫీసు బిల్డింగు దగ్గర ఆయన ఒక డీజిల్ పికప్ నడుపుతున్నారని రాశాను కదా. పునాదుల పనికి వచ్చిన విదేశీ కంపెనీ వాళ్లు పోతూ దాన్ని ఇక్కడి కాంట్రాక్టరుకు వదిలిపోయారు. దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. అందుకే ఎడమ పాదం లేని మనిషి కూడా నడపగలుగుతున్నాడు. రాయదుర్గం గుట్ట దగ్గర బండరాయి కింద పాదం పోయాక ఏడాదిన్నర ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని సూపర్‌వైజర్ ఓబులేసు గారు పిలిచి ఆ బండి తాళం చేతికిచ్చారు. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

ఇప్పుడు ఆ బండికి జబ్బు చేసింది. పొద్దున గేరులో వేస్తే ఇంజన్ అరుస్తుంది గాని బండి కదలదు. కాసేపాగి ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు జారుతున్నట్టు ఉంటోంది. కొత్తగూడ మెకానిక్ చూసి, "ఏముంది, మామూలు గేర్ ఆయిల్ పోస్తే సాఫ్ అయితది" అన్నాడట. ఈయన పోయనివ్వలేదు. ఇంజనీరేమో పాత ఇనుముకు అమ్మేద్దామంటున్నాడు.

నిన్ను అడగమంటే ఆయన అడగరు. ఎందుకో నీకు తెలుసు. దవాఖానలో ఉన్నప్పుడు నువ్వు రాసిన ఉత్తరం ఆయన మంచం మీదే చదివారు. "మస్కట్‌కు రమ్మన్నప్పుడు వచ్చి ఉంటే రెండు కాళ్లతో ఉండేవాడు" అని రాశావు. దాని గురించి ఆయన నాతో ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది.

ఏం చేయాలో రాయి. సిద్దిపేట మెకానిక్ షెడ్డులో నీకు పానాలు అందించినదాన్ని. చెప్తే అర్థం చేసుకోగలను.

నీ రోహిణి


వాదీ కబీర్, మస్కట్,
19 జనవరి 1998.

బిడ్డా రోహిణీ,

మోకాలు ఉంది, నొప్పీ ఉంది. రెండూ కలిసే తిరుగుతున్నాం. అంతకన్నా రాయడానికేమీ లేదు.

ముందు పని సంగతి. ఆ కొత్తగూడ వాడిని బండి దగ్గరికి రానివ్వకండి. మామూలు గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది. అది పోస్తే ఆ గేరుపెట్టె అంతటితో అయిపోతుంది. దానికి పోసేది పలచటి ఎర్ర ఆయిల్. మామూలు బండిలో ఆయిల్ పళ్లచక్రాలను అరగకుండా చూస్తుంది, అంతే. ఈ బండిలో ఇంజన్ బలాన్ని చక్రాల దాకా మోసేదే ఆయిల్. అది చెడితే ఇంజన్ ఒక్కటే అరుస్తుంది, బండికి ఆ బలం అందదు.

బండిని చదునైన చోట నిలిపి, కాసేపు నడిపి వేడెక్కాక, ఇంజన్ ఆపకుండానే గేరుపెట్టెలో ఆయిల్ కొలిచే గేజి కడ్డీ తీసి చూడాలి. కడ్డీ చివర ఉన్న ఆయిల్‌ను ఒక చుక్క తెల్ల కాగితం మీద పెట్టి ఆరనివ్వు. దాన్ని మడిచి ఉత్తరంలో పంపు. ఇక్కడ నేను చూసి చెప్తాను.

ఇక రెండో సంగతి. కాలు లేనివాళ్లకు ప్రభుత్వం ఎస్టీడీ బూత్‌లు ఇస్తోందని మా రూములో కామారెడ్డి మనిషి చెప్పాడు. నీడపట్టున కూర్చుని చేసే పని. ఓంకార్ ఎందుకు ఆ పాత ఇనుము పట్టుకుని వేలాడుతున్నాడో నాకు అర్థం కాదు. నేను మునుపటి మనిషినే అని లోకానికి చూపించుకోవాలి, అంతే. ఆ మొండితనమే అతన్ని ఇక్కడికి రానివ్వలేదు. నేను దవాఖానకు రాసిన దాంట్లో అబద్ధమేమీ లేదు.

బుజ్జిని ముద్దాడానని చెప్పు.

మీ నాయిన, రామచంద్రం


బోరబండ,
3 ఫిబ్రవరి 1998.

నాయినా,

కాగితం లోపల పెట్టాను. మరక చుట్టూ నూనె పాకి కొంచెం పెద్దదైంది. వాసన మాత్రం పోలేదు, అడుగంటిన పప్పు వాసన.

దీన్ని దొంగతనంగా చేద్దామనుకున్నాను గాని కుదరలేదు. అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లి, నేనే బానెట్ ఎత్తి కడ్డీ లాగుతుంటే ఆయన కట్టెకాలు టకటకమనిపిస్తూ వచ్చారు.

"ఎవలు చెప్పిన్రు నీకు ఇది తియ్యమని?"

"మా నాయిన."

కడ్డీ నా చేతిలోంచి తీసుకుని, తానే చుక్క కాగితం మీద పెట్టారు. "సక్కగ పట్టుకో, గాలికి మట్టి పడుతది" అన్నారు. అంతే.

రాత్రి అన్నం తినేటప్పుడు నీ ఉత్తరం ఇమ్మన్నారు. ఇవ్వకుండా ఎట్లా ఉండను? మొత్తం చదివారు. బూత్ సంగతి నేనూ అడిగాను. "బూత్‌ల నేను కూసుంటే బండి ఎవలు నడుపుతరు?" అన్నారు. ఈ ఊరిలో డ్రైవర్లే లేరా అన్నాను. "ఆ బండి కాడ ఉండేటోడు లేడు" అని లేచి చేయి కడుక్కున్నారు.

నువ్వన్నది నిజమేనేమో నాయినా. నాకూ అది మొండితనంగానే కనిపిస్తోంది. బండిని ఎప్పుడూ గేటు దగ్గర, రోడ్డుకు ముఖం పెట్టి నిలుపుతారు. మధ్యాహ్నం అందరూ చెట్టు నీడకు పోతే ఆయన అక్కడే ఎండలో డబ్బా విప్పుకుంటారు. మొన్న ఇంజనీరు చుట్టాలను స్టేషన్ నుంచి తేవడానికి అడిగితే, పని నడుస్తుండగా బండి బయటికి పోదని చెప్పి తిట్లు తిన్నారు. బండి మీద అంత ప్రేమ ఏమిటో.

అయినా నువ్వు బాగు చేసే దారి చెప్పు. బండి పోతే ఈయన మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంటారు. అది నేను ఇంకోసారి చూడలేను.

రోహిణి


వాదీ కబీర్,
17 ఫిబ్రవరి 1998.

బిడ్డా,

నీ కాగితాన్ని గ్యారేజీలో దీపం కింద పెట్టి చూశాను. మా యజమాని కూడా చూశాడు. ఒమానీ పెద్దమనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వైద్యుడు నాడి చూసినట్టు చూశాడు. మధ్యలో నల్లగా ఉంది, అంచున మాత్రం ఇంకా ఎర్ర ఛాయ మిగిలింది. ఇనుప పొడి మెరుపు లేదు. అంటే లోపల ఇంకా విరగలేదు, కాలింది.

నీకు అబద్ధం చెప్పను. కొత్త ఆయిల్ పోస్తే ఆ బండి కొత్తదైపోదు. బలాన్ని పట్టి తిప్పే లోపలి పలకలు కాలి అరిగాయి. ఒక్కోసారి పాత మురికి వల్లే పట్టు ఉంటుంది, కొత్త ఆయిల్ పడగానే అదీ పోతుంది. అట్లా కాకపోతే కొన్ని నెలలు నడుస్తుంది, బరువు వేయకుండా, ఎత్తుల మీద తొందరపెట్టకుండా ఉంటే. ఈలోగా బూత్ దరఖాస్తు పెట్టుకొమ్మను.

ఇక్కడి నుంచి ఊరికి వస్తున్న మనిషితో ఫిల్టర్, మూతకు వేసే ప్యాకింగ్ పంపుతున్నాను. ఆయిల్ రాణిగంజ్‌లో దొరుకుతుంది. పవర్ స్టీరింగ్‌కు పోసే ఎర్ర ఆయిల్ అని అడగండి. గేజి కడ్డీ మీద ఆయిల్ పేరు చెక్కి ఉంటుంది. డబ్బా మీద అదే పేరు ఉంటేనే తీసుకోండి.

బండి గోరువెచ్చగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టాలి. మసులుతున్నప్పుడు వద్దు. జాకీని నమ్మవద్దు. చక్రాల కింద రాతి దిమ్మెలు వేయండి. గేరుపెట్టె అడుగున పళ్లెంలాంటి రేకు మూత ఉంటుంది. బోల్టులన్నీ ఒక్కసారి విప్పితే ఆయిలంతా ముఖం మీద పడుతుంది. ఒక మూల వదులు చేసి, మూత అటు వాలేలా చేసి, ధారగా కారనివ్వాలి. మూత లోపల అయస్కాంతం ఉంటుంది. దాని మీద నల్లటి బురద ఉంటే తుడిచేయండి, ఇనుప ముక్కలు ఉంటే అన్నీ మళ్లీ బిగించి నాకు రాయండి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అల్యూమినియం మరలు, బలం చూపిస్తే చెడిపోతాయి. ఎంత కారిందో అంతే పోయాలి. లోపల సగానికి పైగా పాతదే మిగులుతుంది. అందుకని వారం వారం ఇదే పని ఇంకో రెండుసార్లు చేయాలి.

నువ్వు మాత్రం బండి కింద దూరవద్దు. ఎవరినైనా మనిషిని పెట్టుకొమ్మను.

నాయిన


బోరబండ,
10 మార్చి 1998.

నాయినా,

పని అయింది. నేనే దూరాను.

ఎవరిని పెట్టుకోము? కొత్తగూడ వాడు రానన్నాడు. ఆయన కట్టెకాలితో వెల్లకిలా పడుకుంటే మళ్లీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. ఆదివారం ఓబులేసు గారే దిమ్మెలు వేయించారు. నేను చీర కొంగు బిగించి గోనెసంచి మీద పడుకోబోతుంటే ఆయన కంగారుపడిపోయారు.

"ఏందమ్మా, నువ్వు దిగుతాండావా కిందికి? ఓంకారూ, ఏమప్పా ఇది?"

"ఆమెకు వస్తది సార్," అన్నారు ఈయన. "వాళ్ల నాయిన నేర్పిండు."

నేను కిందికి దూరాను. ఈయన సిమెంటు డబ్బా బోర్లించుకుని కూర్చుని నీ ఉత్తరం పైకి చదువుతూ ఉంటే నేను అట్లాగే చేశాను. ఒక్క చోట తప్పు జరిగింది. మూల బోల్టు అనుకున్నదానికంటే బిగుసుకుని ఉండి, ఒక్కసారిగా వదిలింది. ఆయిల్ మోచేతి మీదుగా భుజం దాకా పారింది. కాలింది. ఈయన నా కాళ్లు పట్టుకుని బయటికి లాగారు. చల్లటి నీళ్లు పోసి, మళ్లీ నేను దూరబోతే, "ఇగ సాలు" అన్నారు. సగంలో ఎట్లా వదిలిపెట్టేది? నువ్వు పంపిన ఫిల్టర్, ప్యాకింగ్ వేసి పూర్తి చేశాను.

అయస్కాంతం మీద నల్ల బురదే ఉంది, ముక్కలు లేవు. గరాటులోంచి కొత్త ఆయిల్ పోస్తుంటే దానిమ్మ రసంలా ఉంది. బ్రేకు తొక్కి పట్టుకుని ఒక్కొక్క గేరు మార్చి చూశారు. తర్వాత బండి మెల్లగా, గేటు దాకా, ఒక్క కుదుపు లేకుండా పోయింది. ఓబులేసు గారు చప్పట్లు కొట్టారు. ఈయన నవ్వలేదు. గేటు దగ్గర వెనక్కి తిప్పి, మళ్లీ రోడ్డుకు ముఖం పెట్టి నిలిపారు.

తర్వాతి ఆదివారం రెండోసారి కూడా మార్చాం.

ఇంటికి వచ్చి నేను అడిగాను. చేయి కూడా కాల్చుకున్నాను, ఇప్పుడైనా బూత్ దరఖాస్తు మీద సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. మూడు రోజులు మా మధ్య మాటలు లేవు. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

రోహిణి


వాదీ కబీర్,
25 మార్చి 1998.

రోహిణీ,

చేయి ఎంత కాలిందో రాయలేదు. భుజం దాకా అని మాత్రం రాశావు. నేనిక్కడ అన్నం ముందు కూర్చుని ఆ మాటే చదువుకుంటున్నాను.

వద్దని రాశాను. రాసిన కాగితాన్నే పైకి చదివి నీ చేత చేయించాడు. పెళ్లాం ఒళ్లు కాలినా సరే, ఆయన గారు స్టీరింగ్ ముందు కూర్చోవాలి. ఇంత పౌరుషం ఉన్నవాడు ఒక్క సంతకం పెట్టలేడా?

ఇక నన్ను ఆ బండి గురించి అడగకు. ఏ సామానూ పంపను. నువ్వూ బుజ్జీ కొన్నాళ్లు సిద్దిపేటలో మీ పెద్దమ్మ ఈశ్వరమ్మ దగ్గర ఉండండి. ఆమెకు ఉత్తరం రాశాను.

రామచంద్రం


బోరబండ,
19 ఏప్రిల్ 1998.

నాయినా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. జవాబు రాయలేకపోయాను. కోపంతో కాదు. ఇది నెమ్మదిగా చదువు.

డ్రైనేజీ పైపుల కోసం సైటు వెనుక లోతుగా గుంత తవ్వుతున్నారు. మన్ను ఆపడానికి పక్కన చెక్కలు పెట్టలేదు. నీ ఉత్తరం అందిన మర్నాడు మధ్యాహ్నం నేను డబ్బా తీసుకుని గేటులోకి అడుగు పెడుతుండగా పెద్ద గోనెసంచి జారిపడిన చప్పుడు వినిపించింది. అంతకంటే పెద్ద చప్పుడేమీ రాలేదు. ఆ తర్వాత కేకలు. పాలమూరు నుంచి పనికి వచ్చిన ఈరమ్మ, ఆమె తమ్ముడు మధు లోపల ఉన్నారు. ఆమె నడుము దాకా కూరుకుపోయింది. ఆ పిల్లగాడి చేయి ఒక్కటే కనిపించింది.

అందరూ చేతులతో, తట్టలతో మన్ను తీశారు. లారీలన్నీ ఇసుకకు పోయి ఉన్నాయి. ఇంజనీరు జీపు ఊళ్లోకి పోయింది. మనుషులను పైకి తీసేసరికి పికప్ గుంత పక్కనే ఉంది, వెనుక తలుపు తెరిచి, లోపల గోనెసంచులు పరిచి. ఈయన ఎప్పుడు తెచ్చారో ఎవరూ చూడలేదు. నేను కూడా వెనుక ఎక్కి ఈరమ్మ తల ఒళ్లో పెట్టుకున్నాను. ఓబులేసు గారు మధు నోట్లోంచి మన్ను తీస్తూ కూర్చున్నారు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు నీకు గుర్తుందో లేదో. సగం ఎక్కాక ఇంజన్ అరవడం మొదలుపెట్టింది, బండి ముందుకు పోవడం లేదు. కింది నుంచి పొగ వచ్చింది. నేను అద్దం మీద కొట్టి ఏమైందని అరిచాను. ఆయన వెనక్కి తిరగలేదు. గేరు అన్నింటికంటే కిందికి లాగి, యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ మెల్లగా తొక్కుతూ, మనిషి నడిచే వేగంతో ఎక్కించారు. ఈరమ్మ "మావోడు మాట్లాడుతున్నడా అక్కా?" అని అడుగుతూనే ఉంది. మాట్లాడుతున్నాడని చెప్పాను.

దవాఖాన మెట్ల దాకా తెచ్చారు. అక్కడ ఆగిన బండి మళ్లీ ఏ గేరులోనూ కదల్లేదు.

మధు బతకలేదు. ఈరమ్మ బతికింది. తొడ ఎముక విరిగింది, లోపల రక్తం పోతోంది, ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ జయలక్ష్మి గారు చెప్పారు.

దవాఖాన వరండాలో ఆయన గోడకు ఆనుకుని కూర్చుంటే పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పారు. ఆయన మాటలు ఉన్నవున్నట్టే రాస్తున్నాను.

"గుట్ట కాడ రాయి పడిన దినం నేను రోడ్డు దిక్కు సూసుకుంట పండుకున్న. ఏ లారీ చప్పుడైనా నా కోసమే అనుకున్న. పొద్దు వాలినంక ఒక బండి దొరికింది. జర జల్ది తెస్తే పాదం దక్కుతుండె అన్నడు డాక్టర్. నీకు చెప్పలే. చెప్తే నువ్వు గదే తలుసుకుంట కూసుంటవ్. బూత్‌ల కూసుంటే నాకు అన్నం దొరుకుతది రోహిణీ. సైటుల ఎవలన్న పడితే తీస్కపోను బండి ఉండాలె గద?"

నాయినా, ఆయన పక్కనే పడుకుని, ఆయనకు అన్నం వండి, నాకు ఇది తెలియలేదు. నీకు మస్కట్‌లో ఎట్లా తెలుస్తుంది? అందుకే నీ మీద కోపం లేదు.

మర్నాడు కూలీలెవరూ గుంతలోకి దిగలేదు. పక్కన చెక్కలు పెట్టాలి, గేటు దగ్గర ఎప్పుడూ ఒక బండి ఉండాలి అని కూర్చున్నారు. నాలుగో రోజుకు కంపెనీ ఒప్పుకుంది. ఒక జీపు తెచ్చి పెట్టింది, క్లచ్ ఉన్న జీపు. దానికి వేరే డ్రైవరు వచ్చాడు. తాళం బండికే ఉంచాలనీ, రోడ్డుకు ముఖం పెట్టి నిలపాలనీ ఈయనే అతనికి చెప్పారు. పికప్‌ను తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డు వెనుక పడేశారు. ఈయన రోజూ వెళ్లి ఓబులేసు గారి దగ్గర స్టోరు పని చూస్తున్నారు. అది ఎన్నాళ్లో తెలియదు.

చేయి మానింది. మచ్చ ఉంటుందన్నారు. పెద్దమ్మ దగ్గరికి వెళ్లడం లేదు.

రోహిణి


వాదీ కబీర్, మస్కట్,
4 మే 1998.

ఓంకార్‌కు,

ఈ ఉత్తరం నీకు. రోహిణి కూడా చదువుతుందిలే, చదవనీ.

నీకు నేరుగా రాయడం ఇదే మొదటిసారి. పెళ్లప్పుడు కూడా మీ నాయినకే రాశాను గాని నీకు రాయలేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులు కాగితం జేబులో పెట్టుకు తిరిగాను.

ఈ గ్యారేజీకి కాలిపోయిన గేరుపెట్టెలు రోజూ వస్తాయి. ఇసుక దిబ్బల మీద పందేలు వేసి కాల్చినవి. సముద్రం ఒడ్డుకు పడవలు లాగి కాల్చినవి. ఆయిల్ మార్చడం మరిచిపోయి కాల్చినవి. విప్పితే అన్నింటికీ ఒకే వాసన. మనుషులను దవాఖానకు చేర్చి, మెట్ల దగ్గర ఆగిపోయిన పెట్టె గురించి నేను ఇప్పటిదాకా వినలేదు. యజమానికి అరబ్బీలో చెప్పాను. పానా కింద పెట్టి, ఆ పిల్లగాడి పేరు అడిగాడు. మధు అని చెప్పాను. చేతులు చాచి ప్రార్థన చేశాడు.

ఆ ఎత్తు మీద నువ్వు చేసినదే సరైన పని. కింది గేరు లాగి, వదిలి, మళ్లీ తొక్కడం. తొందరపడి తొక్కి ఉంటే సగంలోనే ఆగేది. నేను స్టీరింగ్ ముందు ఉన్నా అదే చేసేవాణ్ణి. చేయగలిగేవాణ్ణో లేదో, వెనుక ప్రాణాలు పెట్టుకుని.

జీపు సంగతి. ఇక్కడికి సోహార్ అనే ఊరి నుంచి ఒక డ్రైవరు వస్తాడు, అతనికీ ఎడమ కాలు లేదు. మామూలు బండే నడుపుతాడు. క్లచ్ పెడల్‌కు ఒక ఇనుప కడ్డీ అతికించి పైకి తెచ్చి, ఎడమ చేతితో నొక్కుతాడు. అతని బండి కింద దూరి కొలతలు తీసుకున్నాను. బొమ్మ గీసి ఇందులో పెట్టాను. బోరబండలో వెల్డింగు చేసేవాడు ఎవడైనా చేయగలడు. మొదట ఖాళీ మైదానంలో అలవాటు చేసుకో. లైసెన్సు ఆఫీసులో ముందే అడుగు, చాటుగా నడపవద్దు. ఓబులేసు గారికి నా నమస్కారం చెప్పి, ఈ బొమ్మ ఆయనకు చూపించు.

బూత్ మాట ఇక ఎత్తను.

ఇంకొకటి అడగాలి. నువ్వు దవాఖానలో ఉన్నప్పుడు, ఇక్కడికి ఎందుకు రాలేదని అడిగాను. గుట్ట దగ్గర ఏం జరిగిందని అడగలేదు. ఆ రాయి ఎట్లా జారింది, నీ పక్కన ఎవరున్నారు, నీళ్లు ఎవరైనా పోశారా, అంతసేపు ఏమనుకుంటూ పడుకున్నావు, నాకేమీ తెలియదు. రోహిణి రాసిన నాలుగు మాటలు చాలవు. తొందర లేదు, తీరిక చూసుకో. ఆమె చేత రాయించకు. నీ చేత్తో రాయి, నేను చదువుతాను.

మీ మామ,
రామచంద్రం